చెట్టు నీడలో పెరటి తోట – 3వ పాఠం: మామిడి కింద కంద

పోయిన పాఠంలో చెప్పినట్టు మామిడి చెట్టు కింద ఎండ పడే చోట్లను గంటగంటకీ ముగ్గుపిండితో గీసుకుని ఉంటారు కదా. రోజులో మూడు నాలుగు గంటలు ఆకుల సందుల్లోంచి ఎండ చిలికే చోటే ఇవాళ మనకు కావాలి. పూర్తిగా చీకటిగా ఉన్న చోటును వదిలేయండి.

అక్కడ ఏం వేయాలో చెట్టే చెబుతుంది. మామిడికి పూత రావాలంటే అంతకుముందు నేల ఆరాలి. ఈ సంగతి తెలియక నేను ఒక ఏడాది చెట్టు కింద తోటకూర వేసి, నవంబరంతా రోజూ నీళ్లు పెట్టాను. నీడకు కూర కాడలు సాగిపోయాయి. చెట్టేమో పూతకు బదులు ఎర్రటి చిగుళ్లు వేసింది. ఆ వేసవిలో పచ్చడికి కూడా కాయ దొరకలేదు. అందుకే చెట్టు నీళ్లు వద్దనే రోజుల్లో తనూ నీళ్లు అడగని పంట వేయాలి. కంద అలాంటిదే. తొలకరికి ముందు నాటితే వానలకు పెరిగి, ఏడెనిమిది నెలలకు ఆకు పండి వాలిపోతుంది.

విత్తనానికి గజేంద్ర రకం అడగండి. కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన రకం ఇది, దురద తక్కువ. దుంప నడినెత్తిన ఉండే మొలక భాగం ప్రతి ముక్కకూ కాస్త వచ్చేలా, అరకిలో ముక్కలుగా కోయండి. చేతులకు నూనె రాసుకోవడం మరవద్దు. ముక్కల్ని పేడనీళ్లలో ముంచి నీడలో ఆరబెట్టండి.

ఇక గుంత. ఈ పాఠంలో కష్టమైన పని ఇదే, తొందరపడకండి. మొదలుకు కనీసం నాలుగడుగుల దూరంలో, పలుగుతో కాకుండా చిన్న బొరిగెతో మెల్లగా తవ్వండి. చెట్టుకు తిండి తెచ్చే సన్నవేర్లు ఎక్కువగా పైమట్టిలోనే ఉంటాయి. వెంట్రుకల్లాంటివి తెగితే మళ్లీ వస్తాయి. బొటనవేలంత లావు వేరు తగిలితే మాత్రం ఆ గుంత పూడ్చేసి, జానెడు పక్కకు జరగండి. తవ్విన మట్టిని మొదలు చుట్టూ ఎగదోయకూడదు, బెరడు చెమ్మకు కుళ్లుతుంది.

అడుగు వెడల్పు, అడుగు లోతు చాలు. మాగిన పశువుల ఎరువు సగం, అదే మట్టి సగం కలిపి నింపుతూ, మొలక పైకి ఉండేలా ముక్కను పెట్టి మూడంగుళాల మట్టి కప్పండి. గుంతకూ గుంతకూ రెండడుగులు ఉండాలి. రాలిన మామిడాకుల్ని ఊడ్చి కాల్చేస్తుంటారు, నాకు మనసొప్పదు. వాటినే పైన బెత్తెడు మందాన పరవండి. వానలు ఆగాక చెమ్మను నిలిపేది అవే.

మొలక రావడానికి నెల, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. టెన్షన్ పడి తవ్వి చూడకండి, మొలక విరిగిపోతుంది. వచ్చే పాఠంలో నీడ అంచున పసుపు నాటుదాం. ఈలోగా కొమ్ములు తెచ్చి ఉంచుకోండి.