పాతబస్తీలో మెట్రో బారికేడ్లు లేవకముందే చూసుకోవాల్సినవి

హైదరాబాద్‌లో ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో మార్గం దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఎతేబార్ చౌక్, హరిబౌలి, శాలిబండ, అలియాబాద్, ఫలక్‌నుమాల మీదుగా పోతుంది. 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. 2025 జనవరిలో రోడ్డు వెడల్పు కోసం కూల్చివేతలు మొదలయ్యాయి. రోడ్డు మధ్యలో రేకులు లేచాక ట్రాఫిక్ పోలీసుల చేతిలో మిగిలేది తక్కువ. కాలనీ సంఘాలు, వ్యాపారులు, కాంట్రాక్టర్ మనుషులు కూర్చుని తేల్చుకోవాల్సినవన్నీ అంతకుముందే తేల్చుకోవాలి.

మొదట టేపు పట్టి రోడ్డు కొలవండి. పాత రోడ్డు వెడల్పు 50–60 అడుగులు. దాన్ని 100 అడుగులకు, స్టేషన్ల దగ్గర 120 అడుగులకు పెంచాలన్నది ప్రణాళిక. పిల్లర్ పునాది కోసం మధ్యలో కట్టే బారికేడ్‌కు సుమారు 9 మీటర్లు పోతుంది. వంద అడుగులూ చేతికొచ్చిన చోట ఒక్కో వైపు పది మీటర్లు మిగులుతుంది, ఇబ్బంది లేదు. ఏదో భవనం విషయం తేలక 60 అడుగుల దగ్గరే ఆగిన చోట మిగిలేది వైపుకు 4.6 మీటర్లు. నడిచేవాళ్లకు మీటరున్నర వదిలితే బండ్లకు 3.1. బస్సు వెడల్పే రెండున్నర మీటర్లు, ఆటోది 1.3. ఒక్క ఆటో సవారీ కోసం ఆగినా వెనకున్న బస్సు కదలదు, దాని వెనక అంబులెన్సూ కదలదు. బండ్లకే వైపుకు 5.5 మీటర్లు ఉంటే ఆగిన ఆటోను దాటుకుని బస్సు పోతుంది. అంత దొరకని ముక్కలో భవనం సంగతి తేలేదాకా బారికేడ్‌కు ఒప్పుకోవద్దు. తప్పదంటే ఆ ముక్కను వన్‌వే చేయాలి. మిగతా దారంతా ఎంత విశాలంగా ఉన్నా ఆ ఒక్క ఇరుకే మొత్తం రోడ్డును ఆపేస్తుంది.

ఫుట్‌పాత్ కోసం వదిలిన మీటరున్నరను దుకాణం మెట్లకు, తోపుడుబండ్లకు ఇచ్చేస్తే జనం రోడ్డు మీద నడుస్తారు, ఆ 3.1 మీటర్లు కూడా ఉండవు. తోపుడుబండ్ల వాళ్లకు పక్క గల్లీలో ముందే చోటు చూపించాలి. చూపించకుండా తరిమితే సాయంత్రానికి మళ్లీ అక్కడే ఉంటారు, అది వాళ్ల బతుకు.

రోడ్డు సన్నబడే చోట బారికేడ్‌ను అడ్డంగా నిలబెట్టకండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో 3 మీటర్లు తగ్గాలంటే కోన్లు కనీసం 30 మీటర్ల పొడవున ఏటవాలుగా రావాలి. గల్లీ మొదళ్ల దగ్గర నిండు రేకులు పెడితే బయటికొచ్చే స్కూటర్ కనబడదు. మూలకు ఇటూ అటూ జాలీ పలకలు పెట్టమని పట్టుబట్టండి.

దారి మళ్లింపు బోర్డు అలియాబాద్‌లో పెట్టి లాభం లేదు, అక్కడికొచ్చాక తిరగడానికి చోటు ఉండదు. చాంద్రాయణగుట్టలోనే పెడితే చాదర్‌ఘాట్ పోయేవాళ్లు ఐఎస్ సదన్, సైదాబాద్ మీదుగా వెళ్లిపోతారు. పురానీ హవేలీలో దుర్రు షెవార్ పిల్లల ఆసుపత్రి ఈ మార్గం మీదే ఉంది. దాని గేటు ఎదుట బారికేడ్‌లో ఖాళీ వదలాలి, రాత్రీ పగలూ ఒక మార్షల్ ఉండాలి.

మెయిన్ రోడ్డులో పార్కింగ్ పోతే బండ్లు గల్లీల్లోకి వస్తాయి. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఇరుకు మెట్ల ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు. ఫైరింజన్ దూరే గల్లీల్లో ఒక పక్క పూర్తిగా ఖాళీగా ఉంచడం మీద బేరం వద్దు.

బరువైన సామాను రాత్రి తెస్తామంటారు. మామూలు రోజుల్లో అదే సరైనది. రంజాన్‌లో మాత్రం ఇఫ్తార్ నుంచి సహరీ దాకా శాలిబండ, చార్మినార్ బజార్లు కిటకిటలాడతాయి. ఆ నెల క్రేన్లు, ట్రైలర్లు తెల్లవారాకే రావాలి. రంజాన్ ఏటా సుమారు పదకొండు రోజులు ముందుగా వస్తుంది కాబట్టి నిరుటి తేదీలతో షెడ్యూల్ వేయకూడదు. బోనాల ఊరేగింపుకు లాల్‌దర్వాజ, హరిబౌలి వాళ్లతో, వినాయక నిమజ్జనానికి బాలాపూర్ నుంచి ఫలక్‌నుమా మీదుగా వచ్చే మండపాల వాళ్లతో ముందే మాట్లాడాలి. పూర్తయిన మెట్రో వంతెన కింద కనీసం 5.5 మీటర్లు ఖాళీ ఉండాలి. పని నడుస్తున్నప్పుడు కింద సెంట్రింగ్ ఉంటుంది, ఎత్తు ఇంకా తగ్గుతుంది. విగ్రహానికి ఆర్డర్ ఇచ్చేముందే ఆ కొలత తీసుకోండి. ట్రాలీ ఎత్తు కూడా కలపాలి.

జూన్ వానలకు ముందు రెండు పనులు. కరెంటు, నీళ్లు, డ్రైనేజీ లైన్లు మార్చిన కందకాలను 20 సెంటీమీటర్ల పొరలుగా దిమ్మిస పట్టి పూడ్చారో లేదో దగ్గరుండి చూడండి. ఒకేసారి మట్టి పోస్తే మొదటి వానకే కుంగి బస్సు చక్రం దిగబడుతుంది. రెండోది బెంటోనైట్ బురద. పిల్లర్ పునాది కోసం వేసే పైల్ బోరు నుంచి వచ్చే ఈ జిగట మట్టిని నాలాలో వదిలితే పైపు అడుగున పేరుకుపోతుంది, వాన నీళ్లు రోడ్డు మీదికి వస్తాయి. ట్యాంకర్‌లోనే తీసుకెళ్లాలి. టిప్పర్ గేటు దాటేముందు టైర్లు కడగాలి. ఆ మట్టి తారు మీద తడిస్తే ముందు పడేది టూవీలర్ వాళ్లు.

బారికేడ్ తీసే రోజు బోల్టుల మొదళ్లు రోడ్డులో మిగలకుండా కోయించండి. కింద తారు వేశాకే ఆ లేన్ తెరవనివ్వండి.