కొత్తగా తెచ్చుకున్న కుక్క, ముంచుకొచ్చిన పండగ

గుండీని నేను ఇంటికి తెచ్చుకున్నది దీపావళికి సరిగ్గా ఆరు రోజుల ముందు. మంచి ఉద్దేశంతోనే తెచ్చాను. కానీ దాన్ని శాశ్వతంగా పోగొట్టుకునేంత పని అయింది.

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో నాది చిన్న టైలరింగ్ షాపు. వెనక రెండు గదుల్లో మా అమ్మా నేనూ ఉంటాం. మా వీధి చివర గోదాము గోడ పక్కన వానకి తడుస్తూ పడుకునే ఎర్ర కుక్కపిల్ల అది. ఐదు నెలలుంటాయి. నుదుటి మీద చొక్కా గుండీ అంత తెల్ల మచ్చ. పండగ వస్తోంది, టపాసులకి హడలిపోతుంది, ఇంట్లో ఉంటే క్షేమంగా ఉంటుందని తెచ్చాను. పండగ రాత్రి వీధిలో ఎవరో పెద్ద టపాసుల వాలా అంటించారు. సరిగ్గా అప్పుడే అమ్మ గుమ్మంలో దీపాలు సర్దడానికి తలుపు తీసింది. గుండీ ఒక్క గుంజు గుంజింది. మెడపట్టీ, తాడు నా చేతిలో మిగిలాయి, కుక్క లేదు.

నాలుగు రోజులు వెతికాను. నాలుగో రోజు తెల్లవారుజామున రంగనాయకులపేటలో, పెన్నా ఒడ్డున టీ కొట్టు నడిపే పెద్దాయన చెప్పాడు: "ఎర్ర కుక్కపిల్లేనామ్మా? ఆ రాళ్ల చాటున ఉండాది. పిలిస్తే మాత్రం రావడం లేదు."

అక్కడ కూర్చుని ఆలోచిస్తే నాకు తెలిసొచ్చింది. బెదిరిన కుక్క ఎటైనా పరిగెడుతుంది, అది దాని చేతిలో లేదు. కానీ తిరిగి రావాలంటే దానికి ఒక ఇల్లు తెలిసుండాలి. ఆరు రోజుల్లో మా ఇల్లు దానికి ఇల్లు కాలేదు. గోదాము గోడ కూడా నా వల్లే దూరమైంది. రెండు చిరునామాలూ లేని కుక్కని నేనే తయారుచేశాను. అందుకే ఎవరైనా "అక్కా, ఒక కుక్కపిల్లని పెంచుకుంటాం" అని వస్తే నేను మొదట అడిగేది క్యాలెండర్ గురించి. పెద్ద పండగకి నెలన్నర ముందైనా తెచ్చుకోండి, లేదా పండగ అయిపోయాక తెచ్చుకోండి. ఆరోగ్యంగా ఉన్న వీధికుక్కకి దాక్కునే చోట్లు దానికే బాగా తెలుసు. పండగ వారంలో దాని చోటులోనే నీళ్లు, తిండి పెట్టండి చాలు. దెబ్బ తగిలిందంటే అది వేరే సంగతి. డాక్టరుకి చూపించి, తలుపులు మూసిన గదిలో ఉంచాలి.

తెచ్చుకునే ముందు

కనీసం వారం రోజులు దాని వీధిలోనే దాన్ని చూడండి. ఎవరింటి ముందు పడుకుంటుంది, ఎవరు అన్నం పెడతారు, పిల్లల్ని చూస్తే తోక ఎలా ఉంటుంది అన్నీ తెలుస్తాయి. ఎవరైనా పెంచుకుంటున్నదేమో కనుక్కోండి. తల్లి ఉంటే ఎనిమిది వారాలు నిండేదాకా పిల్లని విడదీయొద్దు. ముద్దొచ్చిందని నెల పిల్లని ఎత్తుకొచ్చి ఆవుపాలు పడితే విరేచనాలు పట్టుకుంటాయి, ఆ వయసులో అవే ప్రాణం తీస్తాయి. చెవి కొస కత్తిరించి ఉంటే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు. అద్దె ఇల్లయితే ఓనరుతో ముందే మాట్లాడండి. రెండు నెలలు పెంచి, మళ్లీ వీధిలో వదిలేయాల్సి రావడం కంటే దానికి అన్యాయం ఇంకోటి లేదు.

ఇంటికంటే ముందు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. నులిపురుగుల మందు, గోమార్ల మందు, వయసుని బట్టి టీకాలు మొదలుపెడతారు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేయిస్తారు, తర్వాత ఏటా వేయించాలి. జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకి ఈ టీకా ఉచితంగా వేస్తుంటారు. 1885లో లూయీ పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా వేసిన రోజది. ఈలోపు పిల్ల ఆడుకుంటూ కొరికినా, గీరినా చిన్నదేలే అని వదిలేయొద్దు. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. సూది అక్కడ ఉచితం.

ఇంట్లో వేరే జంతువులుంటే కొత్తదాన్ని రెండు వారాలు విడిగా ఉంచండి. పార్వో అని ఒక జబ్బుంది. తిండి మానేసి, వాంతులు, రక్తంతో విరేచనాలు అయితే రేపు చూద్దామనుకోవడానికి లేదు, గంటల్లో చేయి దాటిపోతుంది. ఆ క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. అందుకే ఆ జబ్బుతో పిల్ల చనిపోయిన ఇంటికి టీకాలు పూర్తికాని ఇంకో పిల్లని వెంటనే తీసుకురావొద్దు. నా దగ్గరికి వచ్చినవాళ్లు బాధపడినా సరే, ఈ విషయంలో నేను కాదనే చెబుతాను.

మూల, పట్టీ

మొదటి వారం స్నానాలు, చుట్టాలకి చూపించడాలు, ఫొటోలు ఏవీ వద్దు. దానికి ఇంట్లో ఒక మూల ఇవ్వండి. మా ఇంట్లో అది కటింగ్ బల్ల కింద. బల్లకి మూడు వైపులా పాత జంపఖానా వేలాడదీసి, నాలుగో వైపు తెరిచి ఉంచాను. గోనెసంచిలో గుడ్డపీలికలు కూరి పరుపు చేశాను. రోజూ గిన్నె అక్కడే పెడతాను. ఆ మూలలోంచి దాన్ని ఎవరూ బయటికి లాగకూడదు, అక్కడ ఉన్నప్పుడు ఎవరూ తిట్టకూడదు. మా అమ్మ దగ్గర్నుంచి షాపుకొచ్చే పిల్లల దాకా అందరికీ ఇదే రూలు. నెల తిరిగేసరికి ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసినా గుండీ నేరుగా బల్ల కిందికే వెళ్లేది. పండగకి మనక్కావలసింది ఆ అలవాటే.

రెండోది పట్టీ. మన దేశీ కుక్కలకి చాలావాటికి తల సన్నగా, మెడ బలంగా ఉంటుంది. భయపడి వెనక్కి గుంజితే మెడపట్టీ తల మీదుగా జారిపోతుంది. అందుకని ఛాతీని పట్టుకునే హార్నెస్ వేయాలి. నేను అంగుళం వెడల్పు నవారుతో కుడతాను. మెడ మొదట్లో ఒక చుట్టు, ముందుకాళ్ల వెనక ఇంకో చుట్టు. ఆ రెండింటినీ కలుపుతూ వీపు మీద ఒక పట్టీ, రొమ్ము కింద ఒక పట్టీ. కలిసే ప్రతిచోటా చదరంగా కుట్టి, ఆ చదరం లోపల మూల నుంచి మూలకి అడ్డంగా మళ్లీ కుట్టేయాలి. స్కూలు బ్యాగు పట్టీలకి వేసే కుట్టే ఇది, గుంజుడికి ఊడదు. తాడు తగిలించే ఇనప రింగు వీపు మీద వస్తుంది. ఒంటికీ పట్టీకీ మధ్య రెండు వేళ్లు దూరాలి, అరచెయ్యి దూరితే వదులైనట్టే. ఫోన్ నంబరు పెన్నుతో రాస్తే రెండు వానలకి పోతుంది. తెల్ల గుడ్డముక్క మీద నల్లదారంతో అంకెలు కుట్టి పట్టీకి అతికిస్తాను. నాదొకటి, పక్కింటి అక్కది ఒకటి, రెండు నంబర్లు. కుక్క తప్పిపోయిన రాత్రి మనం వీధుల్లో తిరుగుతుంటాం, మన ఫోన్ చార్జింగ్ అయిపోయి ఉంటుంది. మెషిన్ లేనివాళ్లు మీ వీధి టైలరుకి ఇది చూపించండి. కొత్త కుక్కని బయటికి తీసుకెళ్లేటప్పుడు మొదటి రెండు నెలలూ మెడపట్టీకి ఒక తాడు, హార్నెస్‌కి ఒక తాడు ఉండాలి.

దీపావళి రాత్రి

మనకి వినపడని సన్నని శబ్దాలు కూడా కుక్కకి వినపడతాయి, పిల్లికి ఇంకా ఎక్కువ. మూడు వారాల ముందు నుంచే ఫోన్లో టపాసుల చప్పుడు బాగా తక్కువ సౌండుతో పెట్టి, అది వినపడుతున్నంతసేపూ ఉడికించిన గుడ్డు ముక్కలు పెడుతూ ఉండండి. చెవులు వెనక్కి వాల్చినా, తినడం మానేసినా సౌండు ఎక్కువైందని అర్థం, తగ్గించండి. రోజూ ఐదు నిమిషాలు చాలు.

పండగ రోజు సాయంత్రం ఐదులోపే బయట తిప్పి తెచ్చేయండి. 2018లో సుప్రీంకోర్టు దీపావళికి రాత్రి ఎనిమిది నుంచి పది దాకానే టపాసులు కాల్చాలని చెప్పింది. మా వీధిలో ఆరింటికే మొదలవుతాయి. కాబట్టి ఆరుకల్లా కిటికీలు మూసి, పరదాలు వేసి, ఫ్యాను, టీవీ పెడతాను. తిండి ముందే పెట్టేస్తాను. వీధి తలుపుకీ కుక్కకీ మధ్య ఇంకో మూసిన తలుపు తప్పనిసరిగా ఉండాలి. దీపాలు పెట్టేవాళ్లు, ప్రసాదం తెచ్చేవాళ్లు, పిల్లలు, ఆ రాత్రి తలుపు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో లెక్కుండదు. ఇంట్లో ఉన్నా సరే హార్నెస్ ఒంటి మీదే ఉంచండి.

వణుకుతుంటే దగ్గరికి తీసుకోవచ్చు. ఓదారిస్తే భయం ఎక్కువవుతుందని కొందరు చెబుతారు, అది నిజం కాదు. దగ్గరికి రాకపోతే వదిలేసి, మీరు అక్కడే నేల మీద కూర్చోండి. నేను బల్ల పక్కన కూర్చుని కాజాలు కుట్టుకుంటాను. మరీ హడలిపోయే కుక్కలకి మందులున్నాయి, కానీ పది రోజుల ముందే డాక్టరుని అడగాలి. ఒళ్లు కదలనీయకుండా చేసి భయాన్ని లోపలే ఉంచే మందులూ ఉన్నాయి, అందుకే మెడికల్ షాపులో అడిగి వేయొద్దు. మనం వేసుకునే మాత్రలు అసలే వద్దు. జ్వరమొచ్చిందని పిల్లికి పారాసిటమాల్ ఒక్కటి వేసినా చచ్చిపోవచ్చు.

పొద్దున్నే కుక్క బయటికి రాకముందు వాకిలి ఊడవండి. కాలి ఆరిపోయిన కాకరపువ్వొత్తుల తీగలు అరికాళ్లలో గుచ్చుకుంటాయి, పేలని టపాకాయల మందు కడుపులోకి పోతే విషం. ఆరుబయట పెట్టిన నీళ్ల గిన్నె కడిగి మళ్లీ నింపండి. మనకి దీపావళి వానల కాలం కాబట్టి తడిసిన మందు గుంటల్లో నిలిచి ఉంటుంది, ఆ నీళ్లు తాగనివ్వొద్దు. ఒళ్లు కాలితే చల్లటి కుళాయి నీళ్లు పదీ పదిహేను నిమిషాలు ధారగా పోసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. టూత్‌పేస్టులు, పసుపు పెట్టొద్దు. పండగ రోజు తలుపు తీసే డాక్టరు ఎవరో ముందే కనుక్కుని ఉండాలి. పశువుల అంబులెన్స్ నంబరు 1962 కూడా గోడ మీద రాసుకోండి.

పత్రి, పాయసం, దారం

వినాయక చవితి పత్రి గురించి ఎవరూ చెప్పరు. ఇరవై ఒక్క పత్రాల్లో దత్తూరం అంటే ఉమ్మెత్త, కరవీరం అంటే గన్నేరు, అర్కం అంటే జిల్లేడు. మూడూ విషమే. గన్నేరు గుండెనే ఆపేస్తుంది. పూజ ఎత్తైన పీట మీద చేసుకోండి, పత్రి కట్ట నేల మీద వదలొద్దు. నిమజ్జనం దాకా ఎండిన ఆకుల్ని ఒక సంచిలో మూట కట్టి ఉంచండి, ఆవులు తినే కుప్పల్లో వేయొద్దు. హారతి కర్పూరం బిళ్లలు కూడా అంతే.

పాయసంలో కిస్‌మిస్ కుక్క కిడ్నీలని పాడుచేస్తుంది. గారెల్లో, చేపల పులుసులో ఉల్లి కుక్కకీ పిల్లికీ రక్తాన్ని దెబ్బతీస్తుంది. చాక్లెట్, ఉడికిన కోడి ఎముకలు, చక్కెర లేని తీపి అని అమ్మేవి, ఏవీ వద్దు. చుట్టాలకి ఈ మాట చెప్పడానికి మొహమాటపడొద్దు. దానికి మజ్జిగన్నం, ఉప్పు లేని గుడ్డు పెట్టినా పండగే.

మా పిల్లి చుక్క ఒకసారి దారం మింగింది. పండగలకి ఇళ్లలో మెరుపు తోరణాలు, రిబ్బన్లు, పూలు కట్టే దారం అన్నీ నేల మీదే ఉంటాయి. నోట్లోంచో, వెనకనుంచో దారం వేలాడుతుంటే లాగొద్దు. కుట్టిన దారాన్ని ఒక కొసన లాగితే గుడ్డ కుచ్చులు పడుతుంది కదా, లోపల పేగు కూడా అలాగే కుచ్చులు పడి కోసుకుపోతుంది. అలాగే ఉంచి డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. చుక్కని ఆపరేషన్ చేసి బతికించారు. అప్పట్నుంచి దారపు ఉండలన్నీ మూత డబ్బాలో ఉంటాయి.

సంక్రాంతికి రెండే జాగ్రత్తలు చెబుతాను. భోగిమంట బూడిద పైకి చల్లగా కనిపిస్తుంది, లోపల నిప్పుంటుంది. చలికి కుక్కపిల్లలు దాని మీదే పడుకుంటాయి. నీళ్లు పోసి ఆర్పండి. తెగిన గాలిపటాల మాంజా కనిపిస్తే చుట్టి చెత్తలో వేయండి, చెట్ల మీదుంటే కాకులకీ కొంగలకీ అదే ఉరి.

ఊరెళ్లాల్సి వస్తే కొత్త కుక్కని తీసుకెళ్లడం కంటే, దానికి అలవాటైన మనిషిని మీ ఇంట్లో ఉంచడమే మేలు. రైల్లోనే తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీలో కూపే లేదా క్యాబిన్ మొత్తం మీ పేరు మీదే ఉండాలి. లేదంటే గార్డు పక్కనుండే పెట్టెలో పంపాలి. బెదిరే కుక్కని ఆ పెట్టెలో వేయడానికి నా మనసు ఒప్పదు.

తప్పిపోతే

వెంటపడి పరిగెత్తొద్దు, గట్టిగా పిలవొద్దు. బెదిరిన కుక్కకి యజమాని గొంతు కూడా చప్పుడే. మీరు కట్టి విడిచిన చీరో లుంగీయో గుమ్మంలో వేసి, రాత్రంతా గేటు ఓరగా తీసి ఉంచండి. వెతకడానికి మంచి సమయం తెల్లవారుజాము నాలుగు నుంచి ఆరు. మోత ఆగి, ఆకలేసి అప్పుడే బయటికొస్తాయి. ఆ సమయానికి లేచి ఉండేవాళ్లకి చెప్పండి: వీధులు ఊడ్చేవాళ్లు, పాలవాళ్లు, టీ కొట్లవాళ్లు. వాట్సాప్ గ్రూపుల కంటే ముందు నాకు ఆచూకీ చెప్పింది టీ కొట్టు పెద్దాయనే.

కనిపించాక ఎదురుగా నిలబడి కళ్లలోకి చూడొద్దు. ఆ రోజు పెన్నా ఒడ్డున నేను రాళ్లకి పక్కకి తిరిగి కూర్చుని, గుడ్డు చిదిపి నా చుట్టూ వేసి, నది వైపు చూస్తూ ఉండిపోయాను. రెండు గంటలు పట్టింది. పొట్ట నేలకి ఆనించి పాకుతూ వచ్చింది. అరికాళ్లు పగిలి ఉన్నాయి. నా మోకాలికి ముక్కు ఆనించాక కూడా తాడు వేయడానికి ఇంకో పది నిమిషాలు ఆగాను.