దొంగ సిగరెట్ల పెట్టె దొరికితే: చించకముందే రాసుకోవాల్సినవి

కలకత్తా–చెన్నై రైలుమార్గం, 16వ నంబరు జాతీయ రహదారి రెండూ రాజమండ్రి, తాడేపల్లిగూడెం మీదుగానే పోతాయి. ఆ దారిన వచ్చిన దొంగ సిగరెట్ల సరుకు పార్శిల్ ఆఫీసులో దిగితే, తణుకు, భీమవరం, అమలాపురం కిళ్లీ కొట్లకు చేరడానికి ఒక పూట చాలు.

పెట్టె పట్టుకోవడం సగం పనే. అది ఏ ఫ్యాక్టరీలో తయారైందో, ఏ దేశంలో అమ్ముతామని బయల్దేరిందో సరుకు బయల్దేరిన దేశపు అధికారులు చెప్పాలి. ప్యాకెట్లు, పెట్టెల మీద నుంచి రాసి మనం పంపిన కోడ్ నంబర్లు ఎంత సరిగ్గా ఉంటే వాళ్ల జవాబు అంత పనికొస్తుంది.

ముందు ప్యాకెట్ చూడండి. మన దేశంలో అమ్మే సిగరెట్ ప్యాకెట్‌కు రెండు పక్కలా 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక, పొగాకు మానడానికి సాయం కోరే 1800-11-2356 అనే ఫోన్ నంబరు, ఎమ్మార్పీ ఉండాలి. విదేశీదైతే దిగుమతిదారు పేరు, చిరునామా కూడా ఉండాలి. ఇవి లేకపోతే అనుమానించాల్సిందే. ఉన్నంత మాత్రాన అసలుదని మాత్రం అనుకోకండి, నకిలీ చేసేవాళ్లు హెచ్చరిక బొమ్మనూ అచ్చేస్తారు. ధర కూడా చూడండి. పన్నులన్నీ కట్టి తెచ్చిన విదేశీ సిగరెట్‌ను దేశీ సిగరెట్ కన్నా చౌకగా అమ్మడం ఎవరికీ గిట్టుబాటు కాదు.

గోదావరి లంకల్లో పండే పొగాకుతో ఇక్కడే చుట్టే చుట్టల సంగతి వేరు. వాటి లేబుల్ గొడవను సరిహద్దు దాటొచ్చిన సరుకుతో కలిపి ఫిర్యాదు చేస్తే అసలు విషయం మరుగున పడిపోతుంది.

పార్శిల్ ఆఫీసులో లెక్క తెలిస్తే పని సులువు. సాధారణంగా 20 సిగరెట్లు ఒక ప్యాకెట్, 10 ప్యాకెట్లు ఒక కార్టన్, 50 కార్టన్లు ఒక పెద్ద అట్టపెట్టె. అంటే పెట్టెకు 10,000 సిగరెట్లు. బిల్లు మీద ‘బట్టలు’ అని ఉండి, ఆ సైజుకు తగ్గ బరువు లేకపోతే పక్కన పెట్టి కబురు చేయండి. మీరే విప్పకండి.

అధికారులు వచ్చి విప్పాక ఎక్కువ తప్పులు జరిగేది ఫోటోల దగ్గరే. ప్యాకెట్ పైన ప్లాస్టిక్ పొర మెరిసి కోడ్ కనబడదు. ఫ్లాష్ ఆపి, పక్క నుంచి వెలుతురు పడేలా తీయండి. ప్యాకెట్, కార్టన్, అట్టపెట్టె మూడింటి మీదా కోడ్‌లు వేరుగా ఉంటాయి కాబట్టి మూడూ కావాలి. ఏ ప్యాకెట్ ఏ పెట్టెలోదో కలిసిపోతే ఆ గొలుసు తెగిపోయినట్టే. కంటైనర్ అయితే నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు, సీలు నంబరు రాయండి. సిగరెట్లతో పాటు లోపల ఇంకేం సరుకుందో కూడా రాయండి. స్వేచ్ఛా వాణిజ్య మండలాల (సుంకాల సడలింపు ఉండే ప్రత్యేక ప్రాంతాల) నుంచి బయటికొచ్చే కంటైనర్‌లో పొగాకును వేరే సరుకుతో కలపడాన్ని సభ్య దేశాలు నిషేధించాలని పొగాకు అక్రమ వ్యాపారాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందంలోనే ఉంది.

ఆ ఒప్పందం 2012 నవంబరు 12న సియోల్‌లో ఆమోదం పొందింది. భారత్ 2018 జూన్‌లో చేరింది, అదే ఏడాది సెప్టెంబరు 25న అమల్లోకి వచ్చింది. దాని 8వ అధికరణం ప్రకారం ప్యాకెట్ మీద ఊడదీయలేని గుర్తు ఉండాలి. తయారైన తేదీ, ఫ్యాక్టరీ, యంత్రం, షిఫ్టు, మొదటి కొనుగోలుదారు, అమ్మాల్సిన దేశం ఆ గుర్తు ద్వారా తెలియాలి. ఈ బాధ్యతను పొగాకు కంపెనీలకు అప్పగించకూడదనీ అందులో ఉంది, అది చాలా అవసరమైన షరతు. సరుకు బయల్దేరిన దేశం ఒప్పందంలో లేకపోతే, కస్టమ్స్ శాఖల మధ్య ఉన్న పరస్పర సహాయ ఒప్పందాల దారిన అడగాలి. ఏ దారిన అడిగినా ‘ఫలానా బ్రాండు, మూడు పెట్టెలు’ అంటే జవాబు రాదు.

సమాచారం కస్టమ్స్‌కో, రెవెన్యూ ఇంటెలిజెన్స్ విభాగానికో ఇవ్వండి. అంతకుముందే ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, మిగతా పెట్టెలు రాత్రికి రాత్రే మాయమవుతాయి. మిమ్మల్ని పంచనామాకు సాక్షిగా పిలిస్తే చదవకుండా సంతకం పెట్టకండి. పెట్టెల సంఖ్య ఒక్కటే ఉండి కోడ్‌లు లేకపోతే, వాటిని అక్కడికక్కడే రాయించండి.