ట్రాక్ కారు మన చేతుల్తోనే – మూడో పాఠం: బ్రేకులు

పోయిన పాఠంల టైర్లు, వీల్ బేరింగులు చూసినం కదా, ఇగ ఈసారి ఇంజన్ ముచ్చట చెప్పు అన్నా అని మా నల్లగొండ దోస్తులు ఒకటే పోరు, ఎయిర్ ఫిల్టర్ మారిస్తే ఎంత పెరుగుతది, సైలెన్సర్ పెద్దది పెట్టాల్నా అని. చెప్త, అది కూడ చెప్త, కానీ బ్రేకులు సక్కగ లేని కారుకు పవర్ పెంచుడంటే బావికి గోడ కట్టకముందే పిల్లల్ని ఆడుకోమని పంపినట్టు. ఇంకోటి, మొత్తం కారు మీద తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫరక్ కనవడేది ఇక్కడ్నే.

ముందుగాల నా పరువు నేనే తీసుకుంట. నాది 2004 మోడల్ మారుతి ఎస్టీమ్, ముందర డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ బ్రేకులు, ఏబీఎస్ (గట్టిగ తొక్కినా చక్రాలు పట్టెయ్యకుండ చూసే ఏర్పాటు) లేదు. ట్రైలర్ కొనే స్థోమత లేదు కాబట్టి కారు నడుపుకుంటనే పోవాలె, మిర్యాలగూడ మీద వాడపల్లి బ్రిడ్జి దాటి అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు పట్టుకొని, ఒంగోలు, నెల్లూరు మీదికెల్లి మద్రాసు పక్కన ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్ దాకా. ఆడ ల్యాప్, అంటే ఒక చుట్టు, 3.717 కిలోమీటర్లు. మొదటి నాలుగు ల్యాపులు రాజా లెక్క తిరిగిన. ఐదో ల్యాపుల మెయిన్ స్ట్రెయిట్ చివర బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగ, నానిన అటుకులల్ల కాలు పెట్టినట్టు, నేల దాక పోయింది. రెండుసార్లు పంపు కొడితే కొంచెం పట్టింది కానీ అప్పటికే కారు ట్రాక్ దాటి మట్టిల ఉన్నది. కారుకు ఏం కాలే, నాకు ఏం కాలే, నోట్ల మన్ను తప్ప. తర్వాత తెలిసిందేందంటే తప్పు పూర్తిగ నాదే. వినాయక చవితప్పుడు మూత తీసి సగం వాడిన బ్రేక్ ఆయిల్ డబ్బాని షెడ్డుల పెట్టి, మిగిలింది ఎందుకు పారబొయ్యాలె అని ఫిబ్రవరిల కార్ల పోసిన. ఆ నూరు రూపాయల పొదుపు ఎంత పని చేసిందో చూడుండ్రి.

ఎందుకు అట్లయింది? జర లెక్క చేద్దాం, భయపడకుండ్రి, చిన్నదే. డ్రైవర్‌తో కలిపి టన్ను బరువున్న కారు 140 స్పీడ్ నుంచి 60కి దిగాలంటే బ్రేకులు మింగాల్సిన శక్తి దగ్గర దగ్గర 600 కిలోజౌళ్ళు. బిందెల ఉన్న మామూలు నీళ్ళు రెండు లీటర్లు తీసుకొని తెర్లిచ్చేటంత వేడి అది, ఒక్క మలుపుకి! దాంట్ల ఎక్కువ భాగం కొన్ని సెకండ్లల్నే ముందర చక్రాల కాడ, రెండు ఇనుప పళ్ళాలల్లకు పోతది. ఇగ ఒక ల్యాపుల అసొంటి బ్రేకింగులు ఎన్నుంటయో లెక్కేసుకోండ్రి. ఊర్ల 80 నుంచి పూర్తిగా ఆగితే ఒక లీటర్ కూడ తెర్లది, మల్ల తొక్కేలోపు చల్లారే టైముంటది. ట్రాక్ మీద ఆ టైమే దొరకదు. పైగా మన దిక్కు ఎండాకాలం 44, 45 డిగ్రీలంటే మొదలుపెట్టుడే కాలిన పెంకు మీద పెట్టినట్టు.

మనం బ్రేక్ ఆయిల్ అంటం కానీ అది నూనె కాదు, గ్లైకాల్ జాతిది, దానికి నీళ్ళంటే పానం. గాలిల తేమను గుంజుకుంటనే ఉంటది, డబ్బా మూత తెరిస్తే గుంజుతది, రబ్బరు పైపుల గుండ కూడ ఏండ్లకేండ్లు మెల్లగ గుంజుతది. డబ్బా మీద డాట్ అని నంబరేసి రకం రాస్తరు. డాట్ 3 కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాక మరగది, నీళ్ళు పట్టినంక అదే 140కి పడిపోతది. డాట్ 4 కొత్తది 230, తడిసింది 155. డాట్ 5.1 కొత్తది 260, తడిసింది 180. ఇక్కడ తడిసింది అంటే 3.7 శాతం నీళ్ళు అని లెక్క, ఇవి స్టాండర్డుల రాసిన కనీస నంబర్లు, రేసింగ్ రకాలు ఇంకా పైకే ఉంటయి. మరిగిందంటే లోపల ఆవిరి బుడగలు పుడతయి, ద్రవం నొక్కుకోదు కానీ ఆవిరి నొక్కుకుంటది, అందుకే మన కాలు నొక్కుడంతా బుడగలను నొక్కుట్ల పోతది, డిస్క్‌ని ఒత్తి ఆపే ప్యాడ్ దాక చేరదు. నాకు జరిగింది గిదే.

ఒక్కటి మాత్రం పొరపాటున చెయ్యకుండ్రి, డాట్ 5 అని సిలికాన్ రకం ఒకటుంటది, 5 అని ఉంది కాబట్టి 4 కన్నా మంచిదేమో అని పోసేటోళ్ళున్నరు. అది వేరే జాతి, మన కార్లల్ల పొయ్యొద్దు, కలపనే కలపొద్దు. 5.1 వేరు, 5 వేరు.

ఇప్పుడు ఈ పాఠంల అసలు సంగతి. బ్రేక్ పోయింది అంటరు అందరు, కానీ ఎట్ల పోయింది అన్నది కాలుకే తెలుస్తది, కాలు చెప్పింది ఇంటే సగం రిపేరు అక్కడ్నే అయిపోతది. పెడల్ మెత్తగయి కిందికి పోతుంటే ఆయిల్ మరిగింది, లేదా లైన్ల గాలుంది. అట్ల కాకుండ పెడల్ గట్టిగనే ఉంది, బండరాయి మీద తొక్కినట్టుంది, కానీ కారు ఆగుతలేదు అంటే ఆయిల్ బాగనే ఉంది, ప్యాడ్ దాని వేడి హద్దు దాటింది, కాలిన వాసన కూడ వస్తది. ఈ రెండింటికి మందు వేరు. మొదటిదానికి ప్యాడ్లు మారిస్తే పైసలు దండుగ, రెండోదానికి ఆయిల్ మారిస్తే దండుగ. చానా మంది గీడ్నే తప్పుతరు, రెండు కలిపి మార్చి ఏది పని చేసిందో తెల్వకుండ ఇంటికొస్తరు.

ఇంకో రకం ఉంటది, మొదటిసారి తొక్కితే లోపటి దాక పోతది, ఎంటనే రెండోసారి తొక్కితే పైన్నే మంచిగ పడతది. అది వెనక డ్రమ్ముకు, దాని లోపల ఒత్తే షూలకు మధ్య గ్యాప్ ఎక్కువై ఉండొచ్చు, లేకుంటే పోయినసారి చెప్పిన వీల్ బేరింగ్ వదులై, ట్రాక్ అంచు గట్టు (కర్బు) ఎక్కి దిగినప్పుడు డిస్క్ ఊగి ప్యాడ్లను ఎనకకు నెట్టింది. కారు నిలవెట్టి పెడల్ మీద కాలు గట్టిగ పెట్టి ఉంచితే మెల్ల మెల్లగ దిగుతుంటే ఎక్కడన్న కారుతుంది, లేకుంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని లైన్లల్లకు తోసే మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్ళు పోయినయి, అసొంటి కారు ట్రాక్ కాదు కదా క్లాక్ టవర్ దాక కూడ తియ్యకుండ్రి.

సరే, చేతులు నల్లగ చేసుకుందాం. షెడ్డుల నేల గట్టిగుండాలె, గేర్ల పెట్టి ఎదురు చక్రాలకు రాళ్ళు పెట్టుండ్రి, జాకీ లేపినంక స్టాండ్లు పెట్టకుండ కిందికి పోవద్దు, ఇటుకలు అస్సలొద్దు, పగులుతయి. షాబాద్ బండలు పేర్చేటోళ్ళను చూసిన, నేనైతే ఒప్పుకోను. మూతికి మాస్క్ కట్టుకోండ్రి, బ్రేకుల దుమ్ముని నోటితోని ఊదుడు, ఎయిర్ కొట్టుడు వద్దు, తడిబట్టతో తుడవాలె.

ప్యాడ్లను డిస్క్ మీదికి ఒత్తే కాలిపర్ కింది బోల్టు తీస్తే పైకి లేస్తది, ప్యాడ్లు బయటికొస్తయి. రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల దాక నడిపిస్తరు, ట్రాక్‌కి పోయేటప్పుడు నేను సగం అరిగినా మార్చేస్త, ఎందుకంటే పల్చటి ప్యాడ్ వేడిని ఆపలేదు, నేరుగ దాని ఎనక నెట్టే పిస్టన్‌కి, ఆయిల్‌కి పంపిస్తది. ప్యాడ్ ఒక దిక్కు ఎక్కువ, ఒక దిక్కు తక్కువ అరిగిందంటే కాలిపర్ జరిగే పిన్నులు పట్టేసినయి, అవి తీసి తుడిచి సిలికాన్ గ్రీజు పెట్టాలె, మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి మల్ల పట్టేస్తది. డిస్క్ మీద కనీస మందం అచ్చు పోసి ఉంటది, కొలిచి చూడుండ్రి, దానికి దగ్గరకొస్తే మార్చుడే. అంచుల కాడికి పోయే పగులు కనవడితే మందం ఎంతున్నా పారెయ్యుండ్రి. బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణుకుతుంటే డిస్క్ వంగింది అంటరు షాపోళ్ళు, చానాసార్లు వంగేది లేదు పాడు లేదు, ప్యాడ్ మసాలా డిస్క్‌కి ఒక కాడ ఎక్కువ, ఒక కాడ తక్కువ అంటుకున్నది.

పిస్టన్‌ని ఎనకకు నెట్టేముందు బానెట్ కింద ఆయిల్ డబ్బాల కొంచెం తీసెయ్యాలె, లేకుంటే పొంగి పెయింట్ మీద పడతది, పెయింట్ లేస్తది. పడితే తుడుచుడు కాదు, ఎంటనే నీళ్ళు గుమ్మరియ్యాలె.

ఇగ బ్రేక్ లైన్లల్ల గాలి తీసుడు. దీనికి ఇద్దరు కావాలె, నాకు మా అక్క కొడుకు దొరికిండు, పదో తరగతి చదువుతుండు, వాడు లోపల పెడల్ మీద, నేను చక్రం కాడ. కొత్త డాట్ 4 సీలు డబ్బా ఒక లీటర్ చిన్న కారుకు సరిపోతది, ప్రతి చక్రం కాడ ఉండే గాలి తీసే చిన్న మర, నిపుల్ అంటరు, దానికి సరిపడే రింగ్ పానా, మెడికల్ షాపుల దొరికే సెలైన్ పైపు ముక్క, పాత నీళ్ళ సీసా. సీసాల అడుగున కొంచెం కొత్త ఆయిల్ పోసి పైపు కొస దాంట్ల ముంచాలె. మాస్టర్ సిలిండర్‌కి దూరమున్న చక్రంతో మొదలు, మన కార్లల్ల డ్రైవర్ కుడి దిక్కు కాబట్టి మామూలుగ వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి, కొన్ని కార్లకు మాన్యువల్‌ల వేరే వరుస ఉంటది, ఉంటే దాని మాటే ఇనాలె.

"తొక్కు" అంట నేను. వాడు తొక్కి పట్టుకొని "పట్టిన మామా" అంటడు. అప్పుడు నిపుల్ పావు చుట్టు తిప్పుత, ఆయిల్ చిమ్ముతది, పెడల్ కిందికి పోతది, నిపుల్ మూస్త, మూసినంకనే "వదులు" అంట. ఈ మాటల వరుస తప్పితే, అంటే నేను మూయకముందే వాడు కాలు తీస్తే, బయటి గాలిని లోపలికి గుంజుకుంటది, మల్ల మొదటికి. మొదటిసారి వాడు ఫోన్ చూసుకుంట అట్లనే చేసిండు, గంట పని రెండు గంటలైంది. ఇంకోటి, పాత కారైతే పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టుండ్రి, పూర్తిగా నేలకు పోకుండ. రోజూ పోని చోటికి సీలు పోతే అక్కడి తుప్పుకు గీసుకపోతది, మంచిగున్న మాస్టర్ సిలిండర్ మనమే చంపుకున్నట్టయితది. నాలుగైదు తొక్కులకోసారి డబ్బాల లెవల్ చూసి నింపాలె, అది ఖాళీ అయిందో ఇందాకటి తిప్పలే. టీ రంగు పోయి తేనె రంగు ఆయిల్ బుడగలు లేకుండ వచ్చేదాక చెయ్యాలె. నిపుల్‌ని పహిల్వాన్ లెక్క బిగియ్యకుండ్రి, ఇరుగుతది. ఏబీఎస్ ఉన్న కార్లల్ల ఆ ఏబీఎస్ యూనిట్ లోపల గాలి చేరితే ఇట్ల పోదు, స్కానర్ పెట్టి దాని పంపు తిప్పిచ్చాలె, అది షాపు పని.

రబ్బరు హోజులను మడిచి చూడుండ్రి, పగుళ్ళుంటే నాలుగు ఒక్కసారే మార్చాలె. స్టీల్ అల్లికవి పెడితే పెడల్ ఇంకా గట్టిగనిపిస్తది, కానీ అది ఆఖరి పని, ముందు పైవన్నీ అయినంకనే. అసలు రేస్ ప్యాడ్లు మాత్రం మనసొంటోళ్ళకు వద్దంట నేను, అవి చల్లగున్నప్పుడు పట్టవు, మిర్యాలగూడ కాడ ఎడ్లబండి అడ్డమొస్తే ఏం చేస్తరు? మధ్య రకం తీసుకోండ్రి, లేకుంటే ట్రాక్ కాడ పార్కింగ్‌ల మార్చుకొని మల్ల వచ్చేటప్పుడు పాతవి వేసుకోండ్రి.

కొత్త ప్యాడ్లు డిస్క్‌తో సక్కగ కుదురుకునేటట్టు కాపు పెట్టాలె. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద, ఎనక ఎవ్వరు లేనప్పుడు, 60 నుంచి 20 దాక గట్టిగ, పూర్తిగా ఆపకుండ ఎనిమిది పది సార్లు, తర్వాత బ్రేక్ ముట్టకుండ పది నిమిషాలు చల్లార్చుకుంట నడపాలె. ప్యాడ్ డబ్బా మీద కంపెనీ వేరే తీరు రాస్తే అదే చెయ్యాలె. ట్రాక్ మీద కూడ ఆఖరి ల్యాపుల బ్రేక్ దాదాపు ముట్టకుండ రావాలె. ఆపినంక హ్యాండ్‌బ్రేక్ గుంజొద్దు, కాలిన డ్రమ్ము చల్లారుతుంటే కుంచించుకొని షూలను పట్టేస్తది, గేర్ల పెట్టి చక్రానికి రాయి పెడితే చాలు.

వచ్చే పాఠం రేడియేటర్, కూలంట్. అప్పటిదాక చెయ్యాల్సిన పని ఒక్కటే, మీ షెడ్డుల ఉన్న బ్రేక్ ఆయిల్ డబ్బా తీసి సీలు చూడుండ్రి. ఇప్పిందైతే పక్కకు పెట్టి, మూత మీద పెద్దగ "వాడొద్దు" అని రాయుండ్రి. నాది ఇంకా గట్లనే ఉంది, అల్మార మీద, నాకు కనవడేటట్టు.