గేజ్ ముల్లు పైకెక్కుతోందా? ముందు బావి కట్టేసి చూడండి

సమస్య: భూమి లోపలి రాతి పొరల్లో దాచడానికి బావిలోంచి పంపుతుంటే నిన్నటిదాకా తేలిగ్గా దిగిన కార్బన్ డయాక్సైడ్‌ను ఇవాళ అంతే పంపాలంటే ప్రెషర్ పెంచాల్సి వస్తోంది.

కారణం ఒకటే అనుకోకండి. బావి దగ్గర అడ్డు పడొచ్చు, లేదా పొరే నిండుతుండొచ్చు. నార్వేలోని స్నోవిట్ గ్యాస్ క్షేత్రంలో ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. 2008లో సముద్రం అడుగున సుమారు 2,600 మీటర్ల లోతులోని ట్యూబోయెన్ ఇసుకరాయి పొరలోకి గ్యాస్ పంపడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకే ప్రెషర్ ఎగబాకింది. పొడి గ్యాస్ రాతి రంధ్రాల్లోని ఉప్పునీటిలో నీటిని లాగేసుకుంటుంది, ఉప్పు అక్కడే ఉండిపోయి రంధ్రాలను పూడ్చేస్తుంది. ఉప్పు మడిలో నీళ్ళు ఆవిరైపోయి తెల్లగా తేలినట్టే, కాకపోతే ఇక్కడ ఎండ పని గ్యాస్ చేస్తుంది. గ్లైకాల్ (నీటిలో కలిసే ఒక రసాయనం) ద్రావణం పంపి కడిగితే ప్రెషర్ దిగింది.

అంతటితో అయిపోలేదు. ప్రెషర్ మళ్ళీ నెమ్మదిగా ఎక్కింది. ఈసారి ఉప్పు కాదు, పొరలో గ్యాస్ దూరంగా పోయే దారే సరిగా లేదు. 2011లో గ్యాస్ పంపడాన్ని దానికి పైనున్న స్టో అనే పొరకు మార్చారు.

ఏది ఏదో తేలాలంటే పంపడం ఆపి గేజ్ చూడండి. ప్రెషర్ చకచకా పడిపోతే అడ్డు బావి దగ్గరే ఉంది, కడగండి. రోజుల తరబడి దిగకుండా మొండికేస్తే పొరే నిండుతోంది. అప్పుడు ఎంత గ్లైకాల్ పోసినా దండగ. పంపే మోతాదు తగ్గించాలి, లేదా పొర మార్చాలి.

సమస్య: భూమి లోపల దాచిన హైడ్రోజన్ తగ్గింది, ప్రెషర్ కూడా పడింది.

లీకేజీ అని టెన్షన్ పడేముందు గ్యాస్ శాంపిల్ తీయించండి. మీథేన్ పెరిగిందా? అయితే సూక్ష్మజీవులు తినేశాయి. నాలుగు వంతుల హైడ్రోజన్, ఒక వంతు కార్బన్ డయాక్సైడ్ కలిస్తే ఒక వంతు మీథేన్, కొంత నీరు మిగులుతాయి. అంటే ఐదు వంతుల గ్యాస్ ఒక వంతైంది, ప్రెషర్ పడదా మరి! చెక్ దేశంలోని లోబోడిసే భూగర్భ గ్యాస్ నిల్వలో ఇదే జరిగింది. పోయినది తిరిగి రాదు. ఇకపై కార్బన్ డయాక్సైడ్ తీసేసిన గ్యాసే పంపండి, వీలైతే ఉప్పు పొరలో తొలిచిన గుహ ఎంచుకోండి.

సమస్య: లోపల దాచిన గ్యాస్ ఏమవుతోందో చూసే పరిశీలన బావిలో పంపు ఆగిపోయింది.

ఐస్‌లాండ్ కార్బ్‌ఫిక్స్ ప్రాజెక్టులో పంపుకు కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం) పట్టేసింది. బోరునీళ్ళకు మన గీజర్ కాయిల్ మీద పేరుకునే తెల్ల పొర లాంటిదే. అక్కడ 2012లో నీటిలో కరిగించి బసాల్ట్ రాతిలోకి పంపిన గ్యాస్‌లో 95 శాతం పైగా రెండేళ్ళలోపే కాల్సైట్ లాంటి రాయిగా మారింది. వాళ్ళు కోరుకున్నదీ అదే. ఈ పంపుకు రిపేరు ఆలోచించకండి, మార్చేయండి.