ఎలుక పిల్లల్లో ఫిట్స్ పేపర్లు చదవడం, 4వ పాఠం: సెల్స్ చావలేదు సరే, మరి?

పోయినసారి ఇచ్చిన పనికి మీరు పంపిన ఆన్సర్లు చూశాక ఈ వారం గాబా (బ్రెయిన్ సెల్స్ మధ్య కబురు మోసే ఒక కెమికల్) గురించి రాద్దామనుకున్నది ఆపేశా. ఎక్కువమంది రాసింది ఒకటే: "పది రోజుల పిల్లకి కైనిక్ యాసిడ్ ఇచ్చినా హిప్పోక్యాంపస్ (జ్ఞాపకాలకి ముఖ్యమైన బ్రెయిన్ భాగం) సెల్స్ చావలేదు, కాబట్టి చిన్న బ్రెయిన్ ఫిట్స్‌ని తట్టుకుంటుంది." మొదటి సగం కరెక్టే. ఆ "కాబట్టి" దగ్గరే నాకు బాధ.

కైనిక్ యాసిడ్ అంటే ఎలుకల్లో ఫిట్స్ తెప్పించడానికి ఇచ్చే మందు, అంతకంటే మళ్లీ చెప్పను. పెద్ద ఎలుకలో అది హిప్పోక్యాంపస్‌లో సీఏ3 అనే వరసలోని సెల్స్‌ని చంపుతుంది, నిస్సల్ స్టెయిన్ (సెల్స్ కనిపించేలా పట్టించే రంగు) వేస్తే ఆ వరస పలచబడి కనిపిస్తుంది. పిల్లకి కిలో బరువు లెక్కన చూసినా చాలా తక్కువ డోసుకే గంటలకొద్దీ ఫిట్స్ వస్తాయి, కొన్ని చచ్చిపోతాయి కూడా, అయినా బతికినవాటి సీఏ3 దాదాపు నిండుగానే ఉంటుంది. ఇక్కడే అందరూ ఆగిపోతున్నారు. నిస్సల్ చెప్పేది సెల్ ఉందా లేదా అన్నంతవరకే. చేలో పైరు నిలబడే ఉంటుంది, కంకి నలిపి చూస్తే తాలు.

ఫ్లూరోథైల్ తీసుకోండి, ఇది పీలిస్తే ఫిట్స్ తెప్పించే ఇంకో మందు, నాకు ఈ పేపర్లే ఇష్టం, ఎందుకంటే మూత పెట్టిన డబ్బాలో చుక్క చుక్కగా వేస్తే ఆవిరి పీల్చి పిల్లకి ఫిట్ వస్తుంది, బయటికి తీయగానే మందు ఊపిరితోనే వెళ్లిపోతుంది, కైనిక్ యాసిడ్‌లో లాగా ఇది మందు పనా ఫిట్ పనా అని అంత తల పట్టుకోనక్కర్లేదు. పుట్టిన మొదటి రోజుల్లో ఇలా పదేపదే ఫిట్స్ తెప్పించి, పిల్లలు పెద్దయ్యాక చూస్తే సెల్స్ లెక్క తగ్గలేదు. కానీ టిమ్ స్టెయిన్‌లో (మాసీ ఫైబర్లని నల్లగా చూపించే రంగు) ఆ మాసీ ఫైబర్లు, అంటే గ్రాన్యూల్ సెల్స్ నుంచి సీఏ3కి వెళ్లే తీగలు, ఉండకూడని చోట నల్లటి చుక్కలుగా కనిపించాయి, నీళ్లలో దాచిన ప్లాట్‌ఫాం వెతకడం (ఇది జ్ఞాపకశక్తి పరీక్ష) ఆలస్యమైంది, మళ్లీ ఫిట్ రావడం తేలికైంది. ఇంకోటి, ఈ గ్రాన్యూల్ సెల్స్ (హిప్పోక్యాంపస్‌లో డెంటేట్ అనే భాగంలో ఉండేవి) ఎలుకలో చాలావరకు పుట్టాకే తయారవుతాయి. పెద్దవాటిలో ఫిట్స్ తర్వాత కొత్త సెల్స్ పెరుగుతాయి, పసివాటిలో అవే తగ్గాయి. చచ్చినవాటిని మాత్రమే లెక్కపెడితే అసలు పుట్టనివి ఎలా తెలుస్తాయి?

రాసీన్ స్కేల్ (వెనక కాళ్లమీద లేవడం లాంటి కదలికల్ని బట్టి ఫిట్ తీవ్రతకి అంకె ఇచ్చేది) పది రోజుల పిల్లకి వాడకండి, వెనక కాళ్లమీద లేవలేని, కళ్లు కూడా తెరవని పిల్ల అది.

నేనైతే అబ్‌స్ట్రాక్ట్ చదవను. మెథడ్స్‌లో వయసు, ఎన్ని ఫిట్స్, ఎన్ని రోజుల తర్వాత చూశారు, ఈ మూడూ పెన్సిల్‌తో రాసుకుంటా, తర్వాత కంట్రోల్ పిల్లల్ని (పోల్చడానికి ఉంచిన, ఫిట్స్ తెప్పించనివి) కూడా అంతేసేపు తల్లి నుంచి విడదీశారా అని చూస్తా, లేకపోతే మిగతాది నమ్మను.

ఈ వారం పని: పెద్ద ఎలుకల మీద ఒక పేపర్, 12 రోజుల లోపు పిల్లల మీద ఒకటి తీసుకోండి. సెల్స్, ఫైబర్లు, ప్రవర్తన వేర్వేరుగా రాయండి, వెతకనిదాన్ని "వెతకలేదు" అని రాయండి, "లేదు" అని కాదు. గ్రాన్యూల్ సెల్ నుంచి సీఏ3 దాకా మాసీ ఫైబర్ దారి 5, 15, 60 రోజుల వయసులకి చేత్తో గీసి పంపండి, ప్రింటౌట్లు చూడను.