పెద్దమొట్ట వేట, నాలుగో పాఠం: నీడ కింది చేప

పోయిన పాఠంలో చెప్పిన ముడి వేసి చూశారు కదా. బిగించే ముందు దారాన్ని తడపండి, లేదంటే రాపిడికి వేడెక్కి ముడి దగ్గరే తెగుతుంది. ఇక దాని గురించి మాట్లాడను. ఈసారి చేపని వెతకడం, పట్టడం, పడవలోకి ఎక్కించడం. మొదటిది బాగా వస్తే రెండోది తేలిక. మూడో దానిలోనే చాలామంది దెబ్బతింటారు. నేనూ తిన్నాను.

ముందు పేరు సంగతి. చెరువుల వాళ్లు, పంజరాల్లో పెంచేవాళ్లు దీన్ని కోబియా అంటున్నారు. మనకి పాత పేరు పెద్దమొట్ట. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం తీరంలో దొరికిన రెండు వందల చేపలకి బొమ్మలు వేయించి 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. చాలా చేపలకి తెలుగు పేర్లే రాసుకున్నాడు, వాటిలో ఇదీ ఉంది. తర్వాత ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే 1829లో దీనికి లాటిన్ పేరు పెడుతూ ‘మొట్ట’నే తీసుకున్నాడు. ఆ లాటిన్ పేరు నిలవలేదు. అంతకు ముందే వేరే పేరు ఉంది కాబట్టి అదే చెల్లింది. మన మాట మాత్రం అంత దూరం వెళ్లింది.

చూడగానే పోల్చుకోవాలి. తల చదునుగా, వెడల్పుగా ఉంటుంది. కింది దవడ పైదానికంటే కాస్త ముందుకొస్తుంది. ముదురు గోధుమ రంగు ఒళ్లు, పక్కన తలనుంచి తోక దాకా నల్లటి పట్టీ, పొట్ట తెలుపు. పైనుంచి చూస్తే చిన్న సొర అనుకుంటారు. సొరలకి అంటుకుని తిరిగే చేప అని కూడా పొరబడతారు, కానీ దాని నడినెత్తిన అతుక్కునే పలక ఉంటుంది, దీనికి ఉండదు. దీనికి వీపు మీద, పెద్ద రెక్కకి ముందు, ఏడు నుంచి తొమ్మిది పొట్టి ముళ్లు విడివిడిగా ఉంటాయి. మధ్యలో పొర ఉండదు. ఆ ముళ్లు గుర్తుపెట్టుకోండి, కిందికొచ్చాక మళ్లీ పని పడుతుంది.

ఇప్పుడు వెతకడం. ఈ చేపకి నీడంటే పిచ్చి. తేలే బోయా, తెగిపోయిన వల ముద్ద, థర్మోకోల్ కట్ట, వంశధారకో నాగావళికో వరదొచ్చినప్పుడు కొట్టుకొచ్చే చెట్టు మొద్దు, ఏదైనా సరే. పెద్ద టేకు చేప (చదునుగా, రెక్కలు చాచినట్టుండే చేప) వెంట, సొర వెంట, తాబేలు వెంట కూడా తిరుగుతుంది. విజయనగరం జిల్లా తీరంలోని చింతపల్లి లైట్‌హౌస్‌కి ఎదురుగా నీళ్లలో మునిగి ఉండే రాళ్ల చుట్టూ కూడా వెతకండి. ఓడలు ఆ రాళ్లకి కొట్టుకోకూడదనే ఆ దీపం పెట్టారు. పడవకీ వాటి భయం ఉందని మరిచిపోకండి. తాబేలు పక్కన చేప కనిపిస్తే గేలం తాబేలుకి తగలకుండా విసరగలిగితేనే విసరండి, లేకపోతే వదిలేయండి. ఆలివ్ రిడ్లే తాబేళ్లకి చట్టం రక్షణ ఉంది.

నీటి మీద మెరుపు తగ్గించే కళ్లద్దాలు ఉంటే మంచిది. లేకపోతే సూర్యుడు వీపు వెనక ఉండేలా నిలబడి, నుదుటి మీద అరచెయ్యి అడ్డం పెట్టుకోండి.

మొద్దు కనబడింది. ఇంజను యాభై మీటర్ల దూరంలోనే ఆపేయండి. నీటి ప్రవాహానికి ఎగువన ఆపి, పడవని దానంతట దాన్ని జారనివ్వండి. చేప పైకి వచ్చి పడవ చుట్టూ ఓసారి తిరిగి మిమ్మల్ని చూసి పోయినా ఆశ్చర్యపోవద్దు. ఎరగా బతికున్న కానాగంత (మాకెరల్) మేలు, లేదంటే కవళ్లు (సార్డిన్). పీతలంటే దీనికి మరీ ఇష్టం, అందుకే ఇంగ్లిషు వాళ్లు పీతలు తినే చేప అనీ పిలుస్తారు. ఎరని దాని తల మీద పడేయకండి, బెదురుతుంది. దానికి ముందు రెండు బారల అవతల వేసి, నెమ్మదిగా దాని దారిలోకి లాక్కురండి.

పైన కనిపించిన చేప ఒక్కసారిగా మాయమైతే కంగారు పడకండి. చాలా చేపలకి ఒంట్లో గాలితిత్తి ఉంటుంది, దీనికి లేదు. అందుకే లోతుకీ పైకీ ఇట్టే మారగలదు. గేలానికి కొంచెం సీసం కట్టి, ఎరని ఆ మొద్దు కిందే లోతుకి దించండి.

ఎర మింగింది. మీది వంకీ తిరిగిన సర్కిల్ గేలమైతే గట్టిగా లాగకండి. దారం బిగిసే దాకా ఊరుకుని, మెల్లగా బరువు పెంచండి, దవడ మూలలో దానంతట అదే దిగుతుంది. చేత్తో లాగేవాళ్లు దారాన్ని చేతికి చుట్టుకోకండి. ఇది సలహా కాదు, గట్టిగా చెబుతున్నాను. పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి వేళ్లకి తొడుక్కోండి. ఒకటి గేలానికి పడ్డాక దాని వెంట మరొకటి పైకి రావడం మామూలే కాబట్టి, రెండో దారం ఎర గుచ్చి సిద్ధంగా పెట్టుకోండి.

ఇప్పుడు నా కథ. మా చిన్నాన్న ఫైబర్ బోటులో కోనాడ నుంచి వెళ్లాం, అక్కడ చంపావతి సముద్రంలో కలుస్తుంది. చేప పది నిమిషాలకే పడవ పక్కకి వచ్చి, కట్టెలా ఊరుకుంది. ‘ఏటిరా ఆ తొందర, ఇంకో రెండు చుట్లు తిరగనీరా’ అన్నాడు చిన్నాన్న. నేను వినలేదు. కొక్కెం వేసి లోపలికి లాగేశాను. అప్పుడు నిద్ర లేచింది అది. తోకతో ఎర బకెట్టు తన్నేసింది, మంచు పెట్టె మూత ఎగిరిపోయింది. దాన్ని అదిమి పట్టబోయిన నా అరచేతిలో ఆ పొట్టి ముళ్లు రెండు దిగాయి. నేను చెయ్యి లాక్కునే లోపు అది పడవ అంచు మీద ఓసారి ఆగి, నీళ్లలోకి జారిపోయింది. చిన్నాన్న ఏమీ అనకుండా నా చెయ్యి ఉప్పునీళ్లలో ముంచి గుడ్డ కట్టాడు. తిట్టుంటేనే బాగుండేది.

కాబట్టి పడవ దగ్గరికి త్వరగా వచ్చిన చేపని నమ్మకండి. దాన్ని మళ్లీ దూరం పోనివ్వండి. పక్కకి ఒరిగి తెల్లటి పొట్ట చూపించేదాకా లోపలికి తేవద్దు. ముందుగానే పడవ మధ్యలో సామాన్లు తీసేసి చోటు చేయండి. తల వెనక కొక్కెం వేసి ఒక్క ఊపులో ఎక్కించి, తడిపిన గోనెసంచి కళ్ల మీద కప్పండి, కాస్త నెమ్మదిస్తుంది. మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి వెంటనే మంచులో పెడితే కండ తెల్లగా, గట్టిగా నిలుస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజను పడవలకి వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఒడ్డునే సాధన చేయండి.

వచ్చే పాఠానికి ఇంటిపని: పది కిలోల ఇసుక సంచికి దారం కట్టి, ట్యూబు ముక్కలు తొడుక్కుని, మీ ఊరి ఇసుకలో ముప్పై బారలు లాగండి. లాగిన దారం బుట్టలో చిక్కుపడకుండా పడిందో లేదో చూడండి. చిక్కుపడితే మళ్లీ మొదలుపెట్టండి. ఆ బుట్ట సర్దడమే ఐదో పాఠం.